రేణిగుంట నుంచి శంషాబాద్‌కు: దూరం ఎంత, సమయం ఎంత? (కొలతల డైరీ)

దశ 1: పని, పనిముట్లు

రేణిగుంటలో ఉన్న తిరుపతి విమానాశ్రయం నుంచి ఆరు ఊళ్లకు గగనమార్గ దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టి మా బడి గోడ మీద పట్టిక వేయాలన్నది ఈ ప్రాజెక్టు. పదో తరగతి పిల్లలు త్రికోణమితి చదువుతున్నారు కాబట్టి లెక్క వాళ్లే చేయాలి. ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన అంకె ఒక్కటి కూడా ఉండకూడదు. వీలైన చోటల్లా లెక్కను కొలతతో సరిచూడాలి. మీ ఊరి విమానాశ్రయానికి ఇదే పని చేసుకోదలచినవారికి దారి తెలియాలని ఈ డైరీ రాస్తున్నాను.

కావలసినవి: స్ప్రెడ్‌షీట్ ఉన్న కంప్యూటర్ ఒకటి, విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు, జీపీఎస్ ఉన్న ఫోను. విమానాలు పంపే సంకేతాలను అందుకునే రేడియో రిసీవర్ ఉంటే ఇంకా మంచిది. దాని సంగతి మూడో దశలో రాశాను.

ఖర్చు ఇప్పటివరకు: 0 రూపాయలు.

దశ 2: కాగితం మీది దూరం

భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న గోళంగా తీసుకున్నాం. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తపు (గోళం కేంద్రమే తనకూ కేంద్రంగా ఉన్న వృత్తం) చాపం. దాని పొడవుకు హేవర్సైన్ సూత్రం సరిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో చేయవలసిన వరుస ఇది:

1. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలను దశాంశ డిగ్రీలలోకి మార్చాలి.
2. వాటిని రేడియన్లలోకి మార్చాలి.
3. అక్షాంశాల తేడాలో సగం తీసుకుని, దాని సైన్‌కు వర్గం కట్టాలి.
4. రేఖాంశాల తేడాలో సగం తీసుకుని, దాని సైన్ వర్గాన్ని రెండు అక్షాంశాల కొసైన్లతో గుణించాలి.
5. 3, 4 ఫలితాలను కూడి, వర్గమూలం తీసి, విలోమ సైన్ కనుక్కోవాలి.
6. దాన్ని రెట్టింపు చేసి 6,371తో గుణించాలి.

తిరుపతి విమానాశ్రయం 13°37′57″ ఉత్తరం, 79°32′36″ తూర్పు. శంషాబాద్ (హైదరాబాద్ విమానాశ్రయం) 17°14′24″ ఉత్తరం, 78°25′41″ తూర్పు. పిల్లలు మూడు జట్లుగా లెక్క కట్టి మూడు జవాబులు తెచ్చారు: 418.6 కి.మీ., 434 కి.మీ., 16,900 కి.మీ.

16,900 ఎందుకు వచ్చిందో వెంటనే తెలిసిపోయింది. రెండో మెట్టు వదిలేసి డిగ్రీలను నేరుగా సైన్‌కు ఇచ్చారు. స్ప్రెడ్‌షీట్ వాటిని రేడియన్లనుకుంది. హైదరాబాద్ అంత దూరంలో లేదని చిన్నపిల్లలకు కూడా తెలుసు కనుక ఈ తప్పు దాగలేదు.

భయపడవలసింది 434ను చూసి. మొదటి మెట్టులో 13°37′57″ను 13.3757 అని, మిగతా మూడింటినీ అలాగే రాసేస్తే వచ్చే జవాబు అది. నిమిషాలను 60తోనూ, సెకన్లను 3,600తోనూ భాగించాలి. అలా చేస్తే 13.6325 వస్తుంది. తేడా 15 కి.మీ. పైచిలుకే కాబట్టి జవాబు నమ్మదగినదిగానే కనబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం: దశాంశంలోకి మార్చిన ప్రతి అంకెనూ తిరిగి నిమిషాలు, సెకన్లుగా మార్చి మరో జట్టు సరిచూడాలి. ఈ నియమం పెట్టాక ఆ రకం తప్పు మళ్లీ రాలేదు.

భూమి కచ్చితమైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357 కి.మీ. ఈ నొక్కును లెక్కలోకి తీసుకునే పద్ధతిని విన్సెంటీ 1975లో ప్రచురించారు. చదునుదనాన్ని కలుపుకుంటే మన 418.6 కి.మీ. 416.7కు దిగింది. తేడా 2 కి.మీ. లోపే. రన్‌వే పొడవే రెండు కిలోమీటర్లకు పైన ఉంటుంది. రన్‌వేలో ఏ కొన నుంచి లేస్తారన్నదే అంత తేడా తెస్తుంది కనుక దశాంశాల వెంట పడడం మానేసి 418 కి.మీ. అని రాసుకున్నాం. నాటికల్ మైళ్లలో 226. ఒక నాటికల్ మైలుకు 1,852 మీటర్లు.

మిగతా ఊళ్లకు అదే సూత్రంతో వచ్చినవి:

- బెంగళూరు: 204 కి.మీ.
- విజయవాడ: 349 కి.మీ.
- హైదరాబాద్: 418 కి.మీ.
- విశాఖపట్నం: 602 కి.మీ.
- ముంబై: 935 కి.మీ.
- ఢిల్లీ: 1,680 కి.మీ.

ఖర్చు ఇప్పటివరకు: 0 రూపాయలు.

దశ 3: డాబా మీద రిసీవర్

కాగితం మీది గీత వెంట విమానం నిజంగా పోతుందా? చూసి తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. విమానాలు తమ స్థానాన్ని 1090 మెగాహెర్ట్జ్ మీద సెకనుకు రెండుసార్లు ప్రసారం చేస్తాయి. ఈ ఏర్పాటును ఏడీఎస్-బీ అంటారు. పెన్‌డ్రైవ్ అంత రేడియో రిసీవర్, ఒక పాత ల్యాప్‌టాప్, డంప్1090 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ సందేశాలు అందుకోవచ్చు.

1. రిసీవర్: 2,900 రూపాయలు. మొత్తం 2,900.
2. కనెక్టర్, రాగి తీగ: 180. మొత్తం 3,080.
3. కేబుల్: 450. మొత్తం 3,530.

రిసీవర్‌తో పాటు వచ్చే చిన్న యాంటెన్నా గదిలో పెడితే పనికిరాదు. విమానం రేణిగుంటలో దిగుతున్నప్పుడు కూడా సందేశాలు తెగి తెగి వచ్చాయి. అందుకని యాంటెన్నా సొంతంగా చేశాం. 1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 27.5 సెం.మీ. అందులో పావు వంతు 6.9 సెం.మీ. నిలువు తీగ ఒకటి, కింద నాలుగు వైపులా వంచిన అదే పొడవు తీగలు నాలుగు. గాంధీ రోడ్డులో కనెక్టర్ అమ్మిన దుకాణదారు తీగ పొడవు విని, "ఇంత పొట్టి తీగకు ఏమి అందుతుంది సార్?" అని అడిగారు. డాబా మీద బిగించిన సాయంత్రమే తూర్పున సముద్రం మీద పోతున్న విమానం అందింది.

తీగ కోసేటప్పుడు ఒక జాగ్రత్త: పొడవును కనెక్టర్ అంచు పైనుంచి కొలవాలి. టంకం లోపల కూరుకుపోయే ముక్కను కలిపి కొలిస్తే తీగ పొట్టిదైపోతుంది. కాస్త పొడవుగా కోసి, బిగించాక కత్తిరించుకోవడం మేలు.

మూడు ఇబ్బందులు వచ్చాయి, మూడూ తిరుపతివే.

మొదటిది కోతులు. కేబుల్ వేలాడుతూ కనిపిస్తే లాగి చూడకుండా అవి వదలవు. కేబుల్ మొత్తాన్ని పీవీసీ పైపులో దూర్చి గోడకు క్లాంపులు కొట్టాం. 240 రూపాయలు, మొత్తం 3,770.

రెండోది ఎండ. మే నెల మధ్యాహ్నం డాబా మీద రిసీవర్ ముట్టుకోలేనంత కాలింది, సందేశాలు పడిపోయాయి. రిసీవర్‌ను మెట్ల గదిలోకి దించి, యాంటెన్నాను మాత్రమే పైన ఉంచి, రిసీవర్‌కు అల్యూమినియం రేకు తొడిగాం. 110 రూపాయలు, మొత్తం 3,880. కేబుల్ పొడవైనందుకు కొంత సిగ్నల్ పోతుంది, కానీ మధ్యాహ్నం ఆగిపోవడం మాత్రం తప్పింది.

మూడోది కొండ. దీన్ని గెలవలేం. తూర్పు, దక్షిణ దిక్కుల్లో విమానాలు వంద కిలోమీటర్లకు పైగా అందుతున్నాయి. మనకు కావలసిన హైదరాబాద్ విమానం మాత్రం ఉత్తరంగా తిరిగి ముప్పై అయిదు కిలోమీటర్లు దాటీ దాటకముందే తెర మీది నుంచి మాయమవుతోంది. యాంటెన్నా మార్చినా, ఇంకో మీటరు ఎత్తు లేపినా అంతే. చివరికి కోణమాపకానికి దారం, బరువు కట్టి డాబా మీద నుంచి శేషాచలం అంచు కోణం కొలిచాం. క్షితిజానికి 9 డిగ్రీల పైన ఉంది. 9 డిగ్రీల టాంజెంట్ 0.158. అంటే 5 కి.మీ. ఎత్తున పోతున్న విమానం 5 ÷ 0.158, దాదాపు 32 కి.మీ. దాటితే కొండ చాటుకు పోతుంది. 6 కి.మీ. ఎత్తయితే 38. తెర మీద కనిపించిన హద్దు సరిగ్గా ఆ రెండు అంకెల మధ్యే ఉంది.

పిల్లలు అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడి చూసింది ఈ లెక్కనే. పాఠంలో టవరు ఎత్తు, నీడ పొడవు అడుగుతారు. ఇక్కడ రోజూ చూసే కొండ రేడియో తరంగాన్ని ఎక్కడ ఆపుతుందో టాంజెంట్ ముందే చెప్పింది. మీ ఊరికి కొండ అడ్డం ఉంటే రిసీవర్ కొనకముందే ఈ దారం, కోణమాపకం పని చేయండి. 2,900 రూపాయలు పెట్టాలా వద్దా అన్నది దానితోనే తేలిపోతుంది.

రిసీవర్ పూర్తిగా వృథా కాలేదు. లేచేటప్పుడు, దిగేటప్పుడు విమానం ఏమి చేస్తుందో అది బాగా చూపింది. తిరుపతి రన్‌వే 08/26 (08 అంటే సుమారు 80 డిగ్రీల దిశ), అంటే దాదాపు తూర్పు పడమరలు. హైదరాబాద్ దిశ లెక్క ప్రకారం 344 డిగ్రీలు, ఉత్తరానికి కాస్త పడమర. తూర్పుకు లేచిన విమానం దాదాపు 96 డిగ్రీలు ఎడమకు తిరిగితే గానీ దారిలో పడదు. శంషాబాద్ రన్‌వేలు 09/27, అవీ తూర్పు పడమరలే. ఇక్కడ లేచాక ఒక మలుపు, అక్కడ దిగేముందు ఇంకో మలుపు తప్పవు. మహావృత్తపు గీతలో ఈ రెండూ లేవు.

దశ 4: కిటికీ పక్క సీటులో ఫోను

కొండ అవతలి భాగం కొలవాలంటే విమానంలోనే కూర్చోవాలి. ఫోనులోని జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాన్ని అందుకోవడం తప్ప దేన్నీ ప్రసారం చేయదు. ఫ్లైట్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది. దారిని నమోదు చేసే ఉచిత యాప్ ఒకటి చాలు.

పాటించవలసిన వరుస:

1. టెర్మినల్ బయట, ఆరుబయట ఉన్నప్పుడే జీపీఎస్ స్థానం దొరికేలా చూసుకోవాలి. ఎగిరాక మొదలుపెడితే, నెట్ సాయం లేని ఫోను అంత వేగంలో ఉపగ్రహాలను పట్టుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది.
2. ఫోనును కిటికీ అంచుకు ఆనించాలి. నడవ పక్క సీటులో నమోదు ముక్కలు ముక్కలుగా వస్తుంది.
3. నమోదు విరామం 1 సెకను పెట్టాలి.
4. విమానం కదిలిన క్షణం, చక్రాలు నేల విడిచిన క్షణం, తాకిన క్షణం, ఆగిన క్షణం చేతితో కాగితం మీద రాసుకోవాలి.

మూడో సంగతి మీద కాస్త ఆగాలి. విరామం 30 సెకన్లు పెడితే మలుపుల్లో వంపుకు బదులు తిన్నని గీతలు పడతాయి, దూరం తగ్గి వస్తుంది. 1 సెకను పెడితే వంపు సరిగ్గా వస్తుంది కానీ ఇంకో చిక్కు ఉంది. విమానం నిలబడి ఉన్నప్పుడు కూడా జీపీఎస్ స్థానం అటూ ఇటూ రెండు మూడు మీటర్లు జరుగుతుంటుంది. ఆ జరుగుడంతా దూరంలో కలిసిపోతుంది. అందుకని గంటకు 10 కి.మీ. కంటే తక్కువ వేగం ఉన్న బిందువులను స్ప్రెడ్‌షీట్‌లో తీసేశాం.

ఎత్తుకు ఎగబాకడం వల్ల దూరం పెరగదా అని పిల్లలు అడిగారు. 90 కి.మీ. ముందుకు పోతూ 6 కి.మీ. ఎత్తు ఎక్కితే కర్ణం 90.2 కి.మీ. ఎక్కడం, దిగడం రెండూ కలిపి 400 మీటర్లు. వదిలేశాం.

తిరుపతి నుంచి హైదరాబాద్‌కు రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72 విమానంలో కొలిచిన లెక్క ఇది. ప్రతి వరుస చివర అప్పటివరకు అయిన మొత్తం ఉంది.

- కదలిక మొదలు, నేల మీద పరుగు: 9 నిమిషాలు. మొత్తం 9 ని., 0 కి.మీ.
- లేవడం, మలుపు, ఎగబాకడం: 17 నిమిషాలు, 110 కి.మీ. మొత్తం 26 ని., 110 కి.మీ.
- సమతలంగా ప్రయాణం: 24 నిమిషాలు, 197 కి.మీ. మొత్తం 50 ని., 307 కి.మీ.
- దిగడం, మలుపు, రన్‌వే తాకడం: 22 నిమిషాలు, 148 కి.మీ. మొత్తం 72 ని., 455 కి.మీ.
- టెర్మినల్ వరకు నేల మీద: 7 నిమిషాలు. మొత్తం 79 ని.

గీత మీది 418కి, ఎగిరిన 455కి తేడా 37 కి.మీ. అందులో ఎక్కువ భాగం శంషాబాద్ వైపే పోయింది. దక్షిణం నుంచి వచ్చిన విమానం రన్‌వేకు వరుస కట్టడానికి పక్కకు జరిగి, తిరిగి రావాలి. ముందు ఇంకో విమానం ఉంటే ఆ తిరుగుడు ఇంకా పెద్దది. దారి మధ్యలో మాత్రం విమానం గీతను దాదాపు విడవలేదు.

దశ 5: సమయపు సూత్రం

ఏటీఆర్ 72 గరిష్ఠ ప్రయాణ వేగం గంటకు సుమారు 510 కి.మీ. 418ని 510తో భాగిస్తే 49 నిమిషాలు వస్తుంది. నెట్‌లో రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే సమయం చెప్పే పేజీలు చాలావరకు ఇలాంటి భాగహారమే చేస్తాయి. మన గడియారం 79 చూపింది. అరగంట ఎక్కడికి పోయిందో పై వరుసల్లోనే ఉంది. నేల మీద 16 నిమిషాలు. మిగతాది ఎగబాకేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండడం వల్ల, మలుపుల్లో దారి పెరగడం వల్ల. దానికి తోడు 10,000 అడుగుల కింద వేగం 250 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) మించకూడదన్న నియమం ఉంది. ఇది జెట్ విమానాలకు బాగా తగులుతుంది.

ఈ అరగంట దూరాన్ని బట్టి పెద్దగా మారదు. బెంగళూరుకు పోయినా, విశాఖకు పోయినా లేవాలి, తిరగాలి, దిగాలి. కాబట్టి సమయాన్ని ఉత్త భాగహారంగా కాక, ఒక స్థిరాంకం కలిసిన సరళరేఖగా రాయాలి. మా కొలతలను గ్రాఫు మీద పెట్టి గీత గీసి, ప్రచురిత షెడ్యూళ్లతో సరిచూస్తే ఇలా కుదిరింది:

- ఏటీఆర్: 30 నిమిషాలు + దూరం ÷ 8.5
- జెట్: 35 నిమిషాలు + దూరం ÷ 13

దూరం మహావృత్తపు కిలోమీటర్లలో, జవాబు నిమిషాల్లో. 8.5, 13 అన్నవి నిమిషానికి పోయే కిలోమీటర్లు.

దీనితో వచ్చినవి: బెంగళూరు ఏటీఆర్‌లో 54 నిమిషాలు, విజయవాడ 71, హైదరాబాద్ 79, విశాఖ 101. జెట్‌లో హైదరాబాద్ 67, ముంబై 107, ఢిల్లీ 164.

ఏటీఆర్ కంటే జెట్ సగానికి సగం ఎక్కువ వేగంతో పోతుంది. అయినా హైదరాబాద్ దారిలో మిగిలేది 12 నిమిషాలే. బెంగళూరు దారిలో 54 నిమిషాల్లో 30 ఆ స్థిరాంకానివే. తక్కువ దూరానికి వేగమైన విమానం దొరికిందని సంతోషించేవారికి నేను ఈ గ్రాఫే చూపిస్తాను. అంత దగ్గరికి విమానం కంటే నేల మీద మంచి రోడ్డు, రైలు ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

షెడ్యూలు సమయాన్ని కొలతతో పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. షెడ్యూలులో బయలుదేరడమంటే విమానం నిలిపిన చోటి నుంచి కదలడం, చేరడమంటే మళ్లీ ఒక చోట నిలవడం. చక్రాలు నేల విడిచిన క్షణం కాదు. అసలు సమయానికి కొన్ని నిమిషాలు కలిపి ప్రకటించడం కూడా విమాన సంస్థలకు మామూలే. 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించరు. అందుకని షెడ్యూలును గీత సరిచూడడానికే వాడాం, గీత గీయడానికి మొదట మా కొలతలే వాడాం.

దశ 6: గాలి

ముంబై దారికి గాలి లెక్క కలపవలసి వచ్చింది. వానాకాలంలో దక్షిణ భారతం మీద బాగా ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి వీస్తుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహం గురించి వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో ప్రచురించారు. ముంబై దిశ తిరుపతి నుంచి వాయవ్యం, సుమారు 310 డిగ్రీలు. తూర్పు నుంచి గంటకు 60 కి.మీ. గాలి వీస్తే అందులో 45 కి.మీ. విమానాన్ని వెనుక నుంచి తోస్తుంది. జెట్ వేగం 780 అనుకుంటే పోయేటప్పుడు గాలిలో 68 నిమిషాలు, వచ్చేటప్పుడు 76. ఒకే దూరానికి 8 నిమిషాల తేడా. పట్టికలో ముంబైకి ఒక్క అంకె కాక, రెండు దిక్కులకు రెండు అంకెలు వేశాం.

అడ్డంగా వీచే గాలి వేరు. గంటకు 800 కి.మీ. పోయే విమానానికి సరిగ్గా పక్క నుంచి 100 కి.మీ. గాలి తగిలితే, దారి తప్పకుండా ముక్కు గాలి వైపు తిప్పుకుని పోతుంది. పైథాగరస్ ప్రకారం నేల మీది వేగం 794. పోయింది ఆరే. హైదరాబాద్ దారి దాదాపు ఉత్తర దక్షిణాలు కాబట్టి తూర్పు పడమర గాలులను పట్టించుకోలేదు.

దశ 7: పట్టిక ఎక్కింది, ఢిల్లీ మిగిలింది

చార్టు కాగితం, రంగులు 160 రూపాయలు. మొత్తం ఖర్చు 4,040. కొండ అడ్డం లేని ఊరివారికి కూడా ఇంచుమించు ఇంతే అవుతుంది. రిసీవర్ మానుకుని ఫోనుతోనే చేసేవారికి టిక్కెట్టు తప్ప ఖర్చు లేదు. ఎలాగూ ప్రయాణం ఉన్న బంధువుకో స్నేహితుడికో నాలుగో దశ వరుస రాసిచ్చి పంపితే అదీ ఉండదు.

పట్టికలో ఢిల్లీ సమయం పెన్సిల్‌తోనే ఉంది. మిగతా దారుల కంటే అది చాలా పొడవు, చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి జెట్ ప్రవాహం బలంగా ఉంటుంది. పిల్లలు ముందుగానే లెక్క కట్టారు. ఢిల్లీ దిశ 352 డిగ్రీలు. చివరి 800 కి.మీ.లో పడమర నుంచి గంటకు 200 కి.మీ. గాలి ఉందనుకుంటే, అడ్డగాలికి 780 కాస్తా 754 అవుతుంది, దారి పడమరకు 8 డిగ్రీలు వాలి ఉన్నందుకు ఇంకో 28 ఎదురు తగులుతుంది. పోయేటప్పుడు నష్టం నాలుగైదు నిమిషాలు, వచ్చేటప్పుడు దాదాపు సున్నా. ఈ రెండు అంకెలనూ తేదీ వేసి పట్టిక కింద అంటించాం. జనవరిలో ఢిల్లీ వెళ్లే ఒక విద్యార్థి తండ్రి కిటికీ సీటు తీసుకున్నారు. నమోదు విరామం 1 సెకను పెట్టిన ఫోను ఆయన చేతికి ఇవ్వడమే ఇక మిగిలింది.